పిన్నికి పెట్టని సంతకం

మొదటిసారి నా కారెక్కిన రోజు ఆవిడ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక తలుపు తీయించుకుని కూర్చుని, బెల్టు పెట్టుకుని, "నీ లైసెన్స్ ఒకసారి ఇలా ఇవ్వు" అంది. ఇచ్చాను. కళ్లద్దాలు మార్చుకుని కార్డు మీది ఫొటోనీ, అద్దంలో నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"దీనికి నీకు జీతమిస్తారా?"

"లేదండీ. వాలంటీర్‌ని."

"మరి నీకేం కావాలి?"

అంత సూటిగా ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చానని చెప్పాను. నమ్మలేదని అద్దంలో కనిపిస్తూనే ఉంది.

నేను చెప్పింది నిజమే. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇల్లు. మా ఆయన కార్ల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసే చోట పనిచేస్తాడు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తున్నాను. బయటంతా మంచు. ఆయన ఆఫీస్‌కి వెళ్లాక ఇంట్లో డిష్‌వాషర్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. మా ఊరి సీనియర్ సెంటర్‌లో, పెద్దవాళ్లని డాక్టర్ల దగ్గరికి కారులో తీసుకెళ్లే మనుషులు కావాలన్నారని తెలిసి పేరిచ్చాను. అలా నా వంతుకొచ్చింది ఆవిడ. తొంభై దాటిన యూదు ముసలావిడ. భర్త పోయాడు, పిల్లల్లేరు. అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటుంది.

ఆవిడకి అందరి మీదా అనుమానమే. మాత్రల రంగు మారితే ఫార్మసీ వాళ్లు చవకరకం అంటగట్టారంటుంది. ఫోన్‌లో మ్యాప్ చెప్పిందని నేను వేరే రోడ్డు పట్టుకుంటే, వెనక నుంచి "ఇటెందుకు?" అని గొంతు వినిపించేది. ఇంటి తలుపు తాళం వేశాక మళ్లీ గుంజి చూసేది. నన్ను కూడా గుంజి చూడమనేది.

నాకూ ఆవిడ మీద అనుమానం మొదలైంది. ఎక్కినప్పుడల్లా మా వీసాల గురించే అడిగేది. మీ వీసా ఎప్పటిదాకా ఉంది? మీ ఆయన ఉద్యోగం పోతే ఎన్నాళ్లుండనిస్తారు? ఇంటికి ఎవరైనా ఆఫీసర్లు వచ్చారా? ఈ రోజుల్లో ఆ ప్రశ్నలు వింటే ఎవరికైనా భయమే. మా ఆయనతో చెప్పాను.

"అసలు ఎందుకొచ్చిన గొడవ ఇది?" అన్నాడు ఆయన. "కార్ దిగుతూ జారి పడిందనుకో, మనల్ని సూ చేస్తుంది. స్టేటస్ గురించి ఎవరికీ ఏం చెప్పకు. ఎవరు ఎక్కడ కంప్లైంట్ చేస్తారో మనకేం తెలుసు?"

ఆ తర్వాత ఆవిడ అడిగితే పొడిపొడిగా జవాబులిచ్చేదాన్ని. ఆవిడ వెనక సీట్లోంచి నన్ను కనిపెట్టేది, నేను అద్దంలోంచి ఆవిడని కనిపెట్టేదాన్ని. ఆ చలికాలమంతా అలాగే నడిచింది.

ఒకరోజు కంటి డాక్టర్ దగ్గర చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. కళ్లలో మందు వేసి వదిలేశారు. ఏమీ కనపడకపోయేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అదే మొదటిసారి.

"నీకు వీసా ఇచ్చినవాడు నీ మొహం చూశాడా?" అని అడిగింది.

ఎందుకో అప్పుడు దాచాలనిపించలేదు. జరిగింది చెప్పాను. హైదరాబాద్ కాన్సులేట్‌లో నేనూ మా ఆయనా ఒకే కిటికీ ముందు నిలబడ్డాం. ఆఫీసర్ ఆయన పాస్‌పోర్ట్ తీసుకుని కంగ్రాట్స్ చెప్పాడు. నాది తిరిగిచ్చేసి, ఒక రంగు కాగితం చేతిలో పెట్టి, ఇంకా పరిశీలించాలన్నాడు. ఆయన వెళ్లి ఉద్యోగంలో చేరాడు. నేను నెలల తరబడి రోజూ వెబ్‌సైట్ చూసుకుంటూ కూర్చున్నాను.

"ఎందుకు ఆపాడో చెప్పాడా?"

"లేదు."

"నువ్వు అడగలేదా?"

"అక్కడ ఎవరూ ఏమీ అడగరండీ."

ఆవిడ నా వైపు కాకుండా ఎదురుగా ఉన్న గోడ వైపు మొహం పెట్టి చెప్పింది.

ఏడెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్లది యూరప్. యుద్ధం. యూదుల్ని ఇళ్లలోంచి లాక్కెళ్తున్న రోజులు. అమ్మ, నాన్న, తను, అమ్మ చెల్లెలు, నలుగురూ పారిపోయి ఒక రేవు పట్టణం చేరుకున్నారు. ఆవిడ ఇంగ్లీషులో 'ఆంట్' అంటే, ఎవరి తరఫు అని నేనే గుచ్చి అడిగాను. అమ్మ చెల్లెలనగానే నా మనసులో ఆమె పిన్ని అయిపోయింది. ఈవిడకి జడలల్లేది ఆ పిన్నే.

ఆ ఊళ్లో ఒక చిన్న దేశపు కాన్సులేట్ ఉండేది. యూదులకి వీసాలివ్వొద్దని వాళ్ల ప్రభుత్వం చెప్పినా వినకుండా, అక్కడి కాన్సల్ సంతకాలు పెడుతున్నాడని ఊరంతా పాకింది. అమ్మకి జ్వరం. పిన్ని అమ్మ దగ్గర సత్రంలో ఉండిపోయింది. పిల్లని చూస్తే మనసు కరుగుతుందేమోనని నాన్న ఈవిడని వెంట తీసుకెళ్లాడు. తిరిగొచ్చి, "మన ముగ్గురికీ పెట్టాడు. నీకు పెట్టనన్నాడు" అని పిన్నితో చెప్పాడు. మర్నాడు తనే వెళ్లి అడుగుతానంది పిన్ని. ఆ వీధి నిండా పోలీసులున్నారు, వద్దన్నాడు నాన్న. తర్వాత ఓడ వచ్చింది. ముగ్గురూ ఎక్కారు. పిన్ని సంగతి మళ్లీ తెలియలేదు.

"ఆ కాన్సల్‌ని ఇప్పుడు అందరూ మహానుభావుడంటున్నారు," అంది ఆవిడ. "ముగ్గురికి పెట్టినవాడికి నాలుగో సంతకం ఏం బరువు? మా పిన్నిలో ఏం తప్పు కనిపించింది? ఆమెకి ఇవ్వనందుకు ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడు? నా బతుకంతా ఇదే ఆలోచించాను."

మా వీసాల గురించి ఎందుకు అన్నిసార్లు అడిగిందో అప్పుడు అర్థమైంది.

మంచు కరుగుతున్న రోజుల్లో ఆవిడ నాకు ఫోన్ చేసి, గుమ్మంలో ఎవరో నిలబడి వింటున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది. ఎవడో పిలిచాడట. ఆ కాన్సల్ మనవణ్నని చెప్పుకుంటున్నాడట. ఇక్కడి యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్ వాళ్లు కాన్సల్ జ్ఞాపకార్థం సభ పెడుతున్నారని, అంతకన్నా ముందు ఆవిడతో ఒంటరిగా మాట్లాడాలని అన్నాడట.

"నా నంబర్ వాడికెవరిచ్చారు? ఒంటరిగా ఎందుకు?"

నాకూ అదే అనిపించింది. ముసలివాళ్లకి ఫోన్ చేసి మనవళ్లమనీ, పోలీసులమనీ మోసం చేసేవాళ్ల గురించి సీనియర్ సెంటర్ గోడ మీద పెద్ద పోస్టరే ఉంది. మా ఆయన సంగతంతా విని, "హండ్రెడ్ పర్సెంట్ స్కామ్. ఇంటి అడ్రస్ చెప్పొద్దను. అంతగా కావాలంటే పబ్లిక్ ప్లేస్‌లో కలవమను. నువ్వూ దూరంగా కూర్చో" అన్నాడు.

సినగాగ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. నంబర్ తామే ఇచ్చామన్నారు. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి లైబ్రరీలో అద్దాల గది బుక్ చేశాను. బయటివాళ్లకి లోపల జరిగేదంతా కనపడుతుంది. నన్ను తలుపు పక్కన కూర్చోమంది ఆవిడ.

వచ్చినాయన అరవైకి దగ్గరపడ్డవాడు. ఒహాయోలో పళ్ల డాక్టరట. కోటు మోచేతుల దగ్గర నలిగిపోయి ఉంది. దారిలో ఎక్కడో కొన్న కేకుల పెట్టె ఆవిడ ముందు పెట్టాడు.

"ముందు నువ్వు తిను," అంది ఆవిడ.

తిన్నాడు. ఆవిడ అతని నోటి వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"మీ తాత ఏ చేత్తో రాసేవాడు?"

"ఎడం చేత్తో. రాస్తుంటే సిరా అరచేతికి అంటుకునేదట. మా నానమ్మ విసుక్కునేది."

ఆవిడ నా వైపు చూసి, చిన్నగా తల ఊపింది. అతను మనవడే.

అతను చేతులు తుడుచుకుని, తాను వచ్చిన పని చెప్పాడు. వీసాలిచ్చినందుకు వాళ్ల ప్రభుత్వం తాతని వెనక్కి పిలిచి ఉద్యోగం తీసేసింది. లంచాలు తిన్నాడని అభియోగం పెట్టింది. యుద్ధమయ్యాక కుటుంబంతో అమెరికా వచ్చి, ఒహాయోలో ఒక హోటల్ కౌంటర్‌లో పనిచేసి పోయాడు.

"మా ఇంట్లో ఎవరూ ఆయన్ని నమ్మలేదు," అన్నాడు. "అంతమందికి ఊరికే ఎవడైనా సంతకం పెడతాడా అనేది మా నానమ్మ. బంగారం ఎక్కడో దాచాడని ఆవిడ అనుమానం. ఆయన పోయాక మా నాన్న, బాబాయి కలిసి బేస్‌మెంట్ గోడ పగలగొట్టి చూశారు. పైపులు తప్ప ఏం లేవు. అప్పుడు కూడా, 'అయితే ఇంకెక్కడో పెట్టాడు' అంది మా నానమ్మ."

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"వచ్చే ఆదివారం నేను స్టేజీ ఎక్కి మాట్లాడాలి. ఏం చెప్పను? ఆ గదిలో నిలబడినవాళ్లలో నాకు తెలిసి మీరొక్కరే మిగిలారు. మీ నాన్న ఆయనకి ఏమైనా ఇచ్చారా?"

"ముందు నువ్వు చెప్పు. మా పిన్నికి మీ తాత ఎందుకు పెట్టలేదు?" అని ఆవిడ పిన్ని కథంతా చెప్పింది.

అతను విని, అయోమయంగా చూశాడు. "ఆయన ఎవరికీ లేదనలేదండీ. ప్రభుత్వం మోపిన నేరం కూడా అదే. ఎవరొచ్చినా, కాగితాలు సరిగా ఉన్నా లేకపోయినా పెట్టేశాడని. రాని మనుషుల పేర్ల మీద కూడా పెట్టాడని."

"అబద్ధం."

"పైగా అడిగి మరీ పెట్టేవాడట. వచ్చిన ప్రతివాళ్లనీ 'ఇంకెవరున్నారు?' అని అడిగేవాడట. ఆ అలవాటు హోటల్‌లో కూడా పోలేదు. ఒక్కడే గది తీసుకోవడానికొచ్చినవాణ్ని కూడా ఇంకెవరున్నారని అడిగితే, మేనేజర్ చాలాసార్లు తిట్టాడని మా నాన్న చెప్పేవాడు."

ఆవిడ చేతులు టేబుల్ మీద ఉన్నాయి. వాటినే చూసుకుంటూ ఉండిపోయింది. అద్దం బయట పిల్లలు పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆవిడ అతని వైపు తిరిగింది.

"మా నాన్న తన చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. మీ తాత దాన్ని తీసుకున్నాడు. లేచి బల్ల ఇటు పక్కకొచ్చి, తనే మా నాన్న మణికట్టుకి కట్టాడు. పట్టీ బెజ్జం దొరక్క తడుముకున్నాడు. అంతే. ఇంకేం తీసుకోలేదు."

పళ్ల డాక్టర్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"తర్వాత కూర్చుని సంతకాలు పెట్టాడు," అంది ఆవిడ. "పెట్టాక కలం కింద పెట్టలేదు. మా నాన్నని ఏదో అడిగాడు. ఫ్రెంచిలో. నాకు రాదు. మా నాన్న తల అడ్డంగా ఊపాడు."

ఆవిడ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

"పిన్నికి పెట్టమని మా నాన్న అడుగుతుంటే అతను ఒప్పుకోవట్లేదనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. కానీ అడిగింది అతను. తల ఊపింది మా నాన్న."

తిరిగి వస్తుంటే ఆవిడ మొదటిసారి ముందు సీట్లో కూర్చుంది. ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు, "వాడు చెప్పింది అబద్ధమై ఉంటుంది. తాతని మంచివాణ్ని చేసుకోవడానికి ఆ అలవాటు కల్పించాడు" అంది.

"ఎడమచేతివాటం సంగతి కరెక్ట్‌గానే చెప్పాడు కదండీ."

"అది ఎక్కడైనా చదివి ఉండొచ్చు." లైటు మారింది. కాస్త దూరం వెళ్లాక మళ్లీ అంది. "మా నాన్నకీ పిన్నికీ పడేది కాదు. ఆమె ఎవరినో ప్రేమించింది. అది నాన్నకి నచ్చలేదు. నేను మంచం కింద దూరి వినేదాన్ని, గొడవలు."

నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "నలుగురికి అడిగితే ముగ్గురికిచ్చింది కూడా వెనక్కి తీసుకుంటాడేమోనని భయపడి ఉంటారండీ మీ నాన్నగారు."

"నీకెందుకు అందరి గురించీ అంత మంచిగా అనుకోవాలనిపిస్తుంది?" అని, కిటికీ వైపు తిరిగింది. దిగేటప్పుడు తలుపు పట్టుకుని నిలబడి అడిగింది. "నీకు వీసా ఇవ్వనప్పుడు మీ ఆయన ముందే వెళ్లిపోయాడన్నావు. ఎందుకు వెళ్లాడు?"

ఆ ప్రశ్న నేను ఇంటికి మోసుకొచ్చాను. పప్పులో పోపు వేస్తున్నా అదే, బట్టలు మడుస్తున్నా అదే. అప్పుడు అందరూ వెళ్లమన్నారు, నేనూ వెళ్లమన్నాను. కానీ ఆయన ముందే టికెట్ బుక్ చేసుకుని తర్వాత నన్నడిగాడా, నన్నడిగాక బుక్ చేశాడా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అప్పటిదాకా లేని అనుమానం కుండలో పగులులా కనపడుతూనే ఉంది. ఆయన అన్నం తింటుండగా అడిగేశాను.

"అప్పుడు నాకోసం ఆగాలనిపించలేదా?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అనిపించింది."

"మరి?"

"జాయినింగ్ డేట్ మిస్సయితే ఆఫర్ పోతుందని భయమేసింది. నీతో డిస్కస్ చేస్తే ఆగమంటావేమోనని ఇంకా భయమేసింది. అందుకే ముందే టికెట్ బుక్ చేసి చెప్పాను."

"ఈ మాట ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదా."

నాకు కోపం రావాలి. కొంత వచ్చింది కూడా. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. అడిగితే చెప్పాడు. ఆవిడకి అడగడానికి నాన్న లేడు. కంచం తీసి సింక్‌లో పెట్టి, మజ్జిగ గ్లాసు ఆయన ముందుకి జరిపాను. ఆ రోజు మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. తర్వాత మాట్లాడుకున్నాం, చాలాసార్లు.

సభకి రానని ఆవిడ చెబుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఫోన్ చేసి కారు తెమ్మంది. ముదురు నీలం కోటు వేసుకుంది, పెదాలకి రంగు వేసుకుంది. సినగాగ్ గుమ్మంలో సెక్యూరిటీ గార్డు మా బ్యాగులు తెరిచి చూస్తుంటే, నాకు చిరాకేసింది కానీ ఆవిడకి వేయలేదు. "సరిగ్గా చూడు," అని అతనికే చెప్పింది. తలుపు దగ్గరగా చివరి వరసలో కూర్చున్నాం.

పళ్ల డాక్టర్ మాట్లాడాడు. కాగితం లేకుండా, తడబడుతూ. తమ ఇంట్లో ఎవరూ తాతని నమ్మలేదన్న సంగతి దాచలేదు. బేస్‌మెంట్ గోడ సంగతి కూడా చెప్పాడు. జనం కుర్చీల్లో కదిలారు, కొందరు తల దించుకున్నారు. తర్వాత ఆవిడని మాట్లాడమన్నారు. ఎవరో మైకు తెచ్చి ఇచ్చారు. కూర్చునే మాట్లాడింది.

"నేను చూసింది మాత్రమే చెబుతాను. ఆయన మా నాన్న దగ్గర గడియారం తీసుకోలేదు. తనే తిరిగి కట్టాడు. మా కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఇక్కడ మీరు ఆ రోజుల్లో పోయినవాళ్ల పేర్లు చదువుతారని విన్నాను. మా పిన్ని పేరు కూడా చదవండి." ఆ పేరు చెప్పి మైకు ఇచ్చేసింది.

ఫ్రెంచిలో అడిగిన మాట గురించి చెప్పలేదు. నాన్న గురించి చెప్పలేదు. పక్కన కూర్చున్న నేను తప్ప ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే, స్టేజీ మీద ఉన్నాడు. అతను కూడా చెప్పలేదు. పేర్లు చదువుతున్నప్పుడు పిన్ని పేరు దగ్గర చదివేవాడు పలకలేక ఆగాడు. ఆవిడ చివరి వరసలోంచి గట్టిగా సరిచేసింది.

ఆ తర్వాత అతను ఒహాయో నుంచి డ్రైవ్ చేసుకుంటూ అప్పుడప్పుడూ ఆదివారాలు వస్తున్నాడు. ముగ్గురం ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద ఒక చిన్న హోటల్‌లో భోంచేస్తాం. పిన్ని గురించి అతను ఎక్కడెక్కడో కనుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. నాకు వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆదివారాలు మాత్రం మానలేదు. ఆవిడ అతణ్ని పూర్తిగా నమ్మిందని చెప్పలేను. బిల్లు తనే ఇస్తానని అతనంటే, ఎందుకిస్తున్నావని అడుగుతుంది.

మొన్న సూప్ తాగుతూ, ముందుమాట లేకుండా అడిగింది. "మా నాన్న ఎందుకు తల అలా ఊపాడంటావు?"

అతను చెంచా కింద పెట్టాడు. "నాకు తెలియదండీ."

"తెలుసని చెప్పి ఉంటే నిన్ను మళ్లీ రానిచ్చేదాన్ని కాదు," అంది ఆవిడ. తన పళ్లెంలోని ఊరబెట్టిన దోసకాయ ముక్క తీసి అతని పళ్లెంలో వేసింది. అతనికి అది ఇష్టం లేదని నాకు తెలుసు. తిన్నాడు.